పగులు ఎక్కడండీ?

అతుకులాయనకు అసలు పేరు ఒకటి ఉండేది, లేదనను. కాని ఆ పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు. వీధి మొత్తానికి ఆయన అతుకులాయనే. ఊడిన గొడుగు పుల్ల, విరిగిన కుర్చీ కాలు, చెవి తెగిన బాణలి, బీటువారిన బక్కెట, ఏదైనా సరే, ఆయన షెడ్డులోకి వెళ్ళిందంటే అతుకు పడి బయటికి రావలసిందే. అడిగినవాళ్ళ వస్తువులే కాదు, అడగనివాళ్ళవి కూడా. ఒకసారి కాలు నొప్పని ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరుగారు వచ్చేలోపు అక్కడ ఊగుతున్న బల్లను బిగించి కూర్చున్నాడు. డాక్టరుగారు నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే ఆ చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

"పగిలింది కంటబడితే ఈ మనిషికి ముద్ద దిగదు. నాలో కూడా ఏదో బీట కనపడే చేసుకున్నట్టున్నాడు" అనేది ఆయన భార్య.

ఇంటి గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డే ఆయన లోకం. మూడు వైపులా తెరిచి ఉంటుంది, నాలుగో వైపు పడకగది గోడ. ఆ గోడకు మేకులు కొట్టి సుత్తులు, పట్టకార్లు, ఆకురాళ్ళు వరసగా వేలాడదీశాడు. కింద డబ్బాల నిండా ఏ కాలానివో నట్లు, బోల్టులు, స్ప్రింగులు, తాళాలు లేని చెవులు, చెవులు లేని తాళాలు.

"ఇందులో పారేసేది ఒక్కటైనా ఉందా?" అని భార్య అడిగేది.

"ఉంది. ఆ ప్రశ్న" అనేవాడు ఆయన తలెత్తకుండా.

ఈమధ్య ఆయనకు బేరాలు పలచబడ్డాయి. జనం విరిగినదాన్ని అవతల పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. "పోనీలే, నడుముకి కాస్త విశ్రాంతి" అని పైకి అనేవాడు గాని లోపల బెంగగానే ఉండేది. ఏ పనీ రాని రోజున శుభ్రంగా ఉన్న సుత్తి పిడినే ఊడదీసి మళ్ళీ బిగించేవాడు. చేతులు ఖాళీగా ఉంటే వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆ మనిషికి నిజంగానే తెలియదు.

కొడుకు లారీ డ్రైవరు. ఇంట్లో కంటే బండిలోనే ఎక్కువ కాపురం చేస్తాడు. ఇక కోడలు. ఆమె ఫర్నిచరు ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసేది. గిర్రున తిరిగే కర్రకు ఉలి ఆనించి కుర్చీ కాళ్ళూ, మంచం కోళ్ళూ నున్నగా గుండ్రంగా తీసే పని. చెయ్యి ఎంత తిన్నగా ఉండేదంటే, ఆమె తీసిన నాలుగు కాళ్ళను పక్కపక్కన పెడితే ఏది ముందు తీసిందో, ఏది చివర తీసిందో చెప్పడం కష్టం. అతుకులాయన ఆ కాళ్ళను వేలితో తడిమి చూసి, "ఊఁ, పరవాలేదు" అనేవాడు. ఆయన నోటి నుంచి అది రావడమంటే సన్మానం జరిగినట్టే లెక్క.

కాని ఆ ఫ్యాక్టరీ హాలు నాలుగు పక్కలా మూసేసి ఉండేది. పక్క వరసలో గరుకు కాగితం మిషన్లు పొద్దస్తమానం తిరిగేవి. పిండిలాంటి సన్నటి పొట్టు గాలిలో అలాగే నిలిచిపోయేది. అది లోపలికి పోయి పోయి ఆమెకు దగ్గు పట్టుకుంది. మామూలుగా ఉన్నంతసేపు బాగానే ఉండేది. నవ్విందంటే మాత్రం అయిపోయినట్టే! నవ్వు సగంలో దగ్గుగా మారి, కళ్ళ వెంట నీళ్ళు కారే దాకా వదిలేది కాదు. గలగలా నవ్వే పిల్ల కాస్తా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెదవులతో నవ్వడం నేర్చుకుంది. "పని మానక్కర్లేదమ్మా, ఆ హాలు మాను. గాలాడే చోట చేసుకో" అన్నాడు డాక్టరు.

గోడ అవతలి నుంచి ఆ దగ్గు వినపడినప్పుడల్లా షెడ్డులో అతుకులాయన చెయ్యి ఆగిపోయేది. ఆయన పనిముట్లకు అందని మరమ్మతు అదొక్కటే.

ఒకనాడు ఆమే వచ్చి అడిగింది. "మామయ్యా, మీ షెడ్డులో ఒక మూల నాకిస్తారా?"

"మూల ఏం ఖర్మ, మొత్తం తీసుకో. ఏం చేస్తావు?"

విషయం చెప్పింది. ఒక ఫర్నిచరు షాపాయన కుర్చీ కాళ్ళు చేసిపెట్టమంటున్నాడు. ముందు నమూనా చూపించాలి, నచ్చితే ఏడాది పొడుగునా పని ఉంటుంది. తను దాచుకున్నదంతా పెట్టి చిన్న లేత్ మిషను తెప్పించుకుంటుంది. ఫ్యాక్టరీలో మేస్త్రీ మంచివాడే, "నెలాఖరు దాకా నీ చోటు ఇంకొకళ్ళకివ్వనమ్మా. ఆ తర్వాత నా చేతిలో లేదు" అన్నాడు. అంటే నెలాఖరులోపు ఇక్కడ మిషను తిరిగిందా, బతికిపోయింది. తిరగలేదా, మళ్ళీ ఆ హాలులోకే.

కంపెనీవాళ్ళ పుస్తకంలో బొమ్మ చూసి, ఫోనులో ఆర్డరు పెట్టేసింది.

"బొమ్మ చూసి మిషను కొంటారటే ఎవరైనా? తట్టి చూడొద్దూ, తిప్పి చూడొద్దూ?" అని సణిగాడు అతుకులాయన. ఆ సణుగుడుకు అసలు కారణం అది కాదు. కొత్త మిషను వస్తుంది, కోడలు దాని మీద చకచకా పని చేసుకుపోతుంది, తను ఓ పక్కన స్టూలు వేసుకుని చూస్తూ కూర్చోవాలి. అదీ ఆయన గుబులు. ఆ గుబులు పెట్టుకునే మూల ఖాళీ చేశాడు, నేల చదును చేశాడు, ప్లగ్గు పాయింటు కూడా లాగించాడు.

వ్యాను వచ్చిన రోజు లారీ మీద ఉన్న కొడుకు తప్ప ఇంటిల్లిపాదీ గుమ్మంలోనే ఉన్నారు. ఇద్దరు మనుషులు పెద్ద చెక్కపెట్టెను ఆయాసపడుతూ దించారు. దించీ దించగానే అత్తగారు అంది, "ఆ మూలేంటే, అప్పడంలా నలిగిపోయింది?"

కోడలి మొహంలో నెత్తురు లేదు. పైచెక్కలు ఊడదీశారు. నలిగిన మూలకు సరిగ్గా కింద, మోటారు బరువు మోసే పోత ఇనుప పాదం ఉంది. దాని కుడి మూల నుంచి బోల్టు రంధ్రం దాకా పగులు. వేలు పెడితే అంచు తగులుతోంది.

అప్పటికప్పుడే కంపెనీకి ఫోను చేసింది. "మీ కాలు మాకెంతో ముఖ్యం" అన్నారు, సంగీతం వేశారు. "మీ సహనానికి ధన్యవాదాలు" అన్నారు, మళ్ళీ సంగీతం వేశారు.

"మనకి సహనం ఉందని వీళ్ళకెవరు చెప్పారే?" అంది అత్తగారు.

ఆవిడ విసుగెత్తి వంటింట్లోకి వెళ్ళిపోయాక, చివరికి జలుబు చేసిన గొంతుతో ఒక అమ్మాయి పలికింది. ఓపికగా అంతా విన్నది, పగులు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో అడిగి రాసుకుంది. "ఫొటోలు పంపండి మేడమ్, పగులు స్పష్టంగా కనపడాలి. చూసి కొత్తది పంపిస్తాం. అప్పటిదాకా వస్తువుని ఎవరూ ముట్టుకోవద్దు. సొంతంగా మరమ్మతు చేస్తే వాపసు చెల్లదు" అంది.

ఈ ముఖ్యమైన మాట వినాల్సిన మనిషి అప్పుడు ఇంట్లో లేడు. వీధిలో వ్యాను తలుపు గొళ్ళెం వంగి ఉండటం కంటబడి, డ్రైవరు వద్దంటున్నా వినకుండా దాన్ని సరిచేస్తున్నాడు.

ఫొటోలు తీయడానికి కోడలి ఫోను కుదరదు. ఫ్యాక్టరీలో కిందపడి కెమెరా అద్దం పగిలింది, ఏది తీసినా పొగమంచే. అత్తామామలది ఉమ్మడిగా ఒక బటన్ల ఫోను. మర్నాడు సాయంత్రం కొడుకు లారీ మీద వస్తాడు, అతని ఫోనుతో తీసి పంపవచ్చు అని ఆమె అనుకుంది. మర్నాడు పొద్దున్నే కోడలు షాపాయనను నాలుగు రోజులు గడువు అడగడానికి బయల్దేరింది. అటు నుంచి అటే లారీ ఆగే చోటికి వెళ్ళి భర్తను వెంటబెట్టుకు వస్తానంది. పాపం, ముట్టుకోవద్దన్న సంగతి అత్తామామలకు ఒక్క ముక్క చెప్పి వెళ్ళాలని ఆమెకు తట్టలేదు.

షెడ్డులో అతుకులాయన, పగిలిన మిషను. ఇద్దరే మిగిలారు.

కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు. ఆకురాళ్ళు తుడిచాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. చేతులు ఒకటే దురద. రాత్రంతా వినపడిన దగ్గు ఇంకా చెవిలోనే ఉంది. "కొత్తది ఎప్పుడొస్తుందో, ఏ మూల నలిగి వస్తుందో! ఇంట్లో నేనుండగా ఆ పిల్ల కంపెనీవాళ్ళని బతిమాలుకోవడమేంటి?" అనుకున్నాడు. అంతే, లేచాడు.

ఆ పనిని నేను తక్కువ చేసి చెప్పలేను. పోత ఇనుమును అతకడం ఆషామాషీ వ్యవహారం కాదు, వేడి కాస్త తేడా వస్తే ఇంకో చోట పగులుతుంది. ఆయన పాదాన్ని ఊడదీశాడు. పగులు వెంబడి గాడి తీశాడు. మెల్లగా, పాలు కాచినట్టు, పాదం మొత్తాన్ని వేడెక్కించాడు. ఇత్తడి కడ్డీని కరిగించి ఆ గాడి నిండా పోశాడు. చల్లారాక పైన మళ్ళీ చిన్నగా గాడి తీసి లప్పం పెట్టాడు, ఆరనిచ్చి ఆకురాయి పట్టాడు. కంపెనీ రంగుకు సరిపోయే బూడిద రంగు తన డబ్బాల్లోనే వెతికి, కలిపి, రెండు పూతలు వేశాడు. వేలితో తడిమితే తనకే అతుకు దొరకలేదు. మిషనుకు బిగించేశాడు.

ఇంకా పొద్దు మిగిలింది. పక్కన చెక్కపెట్టె ముక్కలు పడి ఉన్నాయి. ఊరికే పడి ఉన్న చెక్క అంటే ఆయనకు ఒళ్ళుమంట. నలిగిన మూల కోసేసి, చదును చేసి, భార్యకు ఓ స్టూలు చేసి పెట్టాడు. ఆవిడ దాని మీద కూర్చుని ఇటూ అటూ ఊగి చూసి, "ఇన్నేళ్ళకి నాకంటూ ఒకటి చేశావు" అంది.

సాయంత్రం కొడుకూ కోడలూ వచ్చారు. కొడుకు చేతిలో ఫోను సిద్ధంగా ఉంది. అతుకులాయన షెడ్డు మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్! ఎక్కడ పగిలిందో చెప్పుకో చూద్దాం!"

ఆమె వంగి చూసింది. వేలితో తడిమింది. మెల్లగా నేల మీద కూలబడి, తల పట్టుకుంది.

"ఏమైందమ్మా? అంత బాగా కుదిరిందా?" అన్నాడు ఆయన.

కొడుకు చెప్పాడు, ఫొటోల సంగతి, ముట్టుకోవద్దన్న సంగతి, మరమ్మతు చేస్తే వాపసు చెల్లదన్న సంగతి. ఒక్కో మాటకీ అతుకులాయన భుజాలు ఒక్కో మెట్టు దిగాయి.

"అయినా ఇప్పుడిది బాగుంది కదరా" అని గొణిగాడు.

కోడలు లేచి మిషను రెండు కొసలనూ దగ్గరికి జరిపింది. ఒకదాని ముల్లు ఒకదాని ముల్లుకు సూటిగా ఎదురుపడాలి, అప్పుడే కర్ర వంకర లేకుండా తిరుగుతుంది. రెండూ దగ్గరికొచ్చాయి గాని కలవలేదు. వేడికి పాదం వెంట్రుకవాసి జరిగింది. అతుకులాయన వంగి ఆ సందు చూశాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ చూశాడు. సందు అలాగే ఉంది.

"వంకర కాలు తీసుకెళ్ళి షాపాయనకి ఏం చూపించను మామయ్యా?" అంది ఆమె. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది ఆయనకు. "పోనీలెండి. ఫ్యాక్టరీకే వెళ్తాను. మేస్త్రీ రమ్మన్నాడుగా" అని లోపలికి వెళ్ళింది. గోడ అవతలి నుంచి దగ్గు మొదలైంది.

అతుకులాయన మిషను పక్కనే చతికిలపడ్డాడు.

భార్య స్టూలు ఈడ్చుకుంటూ దగ్గరికి వచ్చింది. "ఇందులో ఏముంది? సుత్తితో ఒక్కటి వెయ్యి. ఉన్న చోటే పగులుతుంది, ఫొటో తీసి పంపిద్దాం" అంది.

సుత్తి తీశాడు. ఎత్తాడు. అబద్ధం ఆడుతున్నానే అనిపించింది. అయినా కోడలి దగ్గు ముందు అదెంత అనుకుని, కళ్ళు మూసుకుని కొట్టాడు. ఖంగుమంది. చెయ్యి జివ్వుమంది. అతుకు చెక్కు చెదరలేదు. రంగు మాత్రం కాస్త చెదిరింది. జీవితంలో మొదటిసారి తన అతుకు గట్టిగా నిలిచినందుకు తనను తాను తిట్టుకున్నాడు. రెండోసారి ఎత్తబోయి సుత్తి దించేశాడు. ఈసారి కొడితే పగిలేది అతుకు కాదు, దాని పక్కన ఉన్న మంచి ఇనుము. అది ఆయన వల్ల కాలేదు.

లోపలికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు మంచం మీద కూర్చుని ఉంది.

"తల్లీ, ఒక మాట. నీ మిషను పాడు చెయ్యాలని కాదమ్మా. అది వస్తే ఇక నాతో ఎవరికీ పని ఉండదనిపించింది. నేనింకా పనికొస్తానని నీకు చూపిద్దామనుకున్నాను. ఆ తొందరలో నీ నోటి దగ్గర ముద్ద తీసేశాను."

ఆమె తలెత్తింది. "మీరు పక్కన ఉండరంటే ఆ మూల నాకెందుకు మామయ్యా? నా ఉలికి పదును ఎవరు పెడతారనుకున్నారు?" అంది.

ఆయన చెయ్యి చాపాడు. "ఆ ఫోను ఇలా ఇవ్వు. నేను చేసింది నేనే చెప్పుకుంటాను" అన్నాడు.

తన కాలు ఎంత ముఖ్యమో విన్నాడు. సంగీతం విన్నాడు. తన సహనానికి ధన్యవాదాలు అందుకున్నాడు. జలుబు గొంతు అమ్మాయి పలకగానే, ఆవిడ రెండో మాట అనేలోపే అంతా కక్కేశాడు. "పగులు మీరు చేసిందే తల్లీ. దాన్ని మాయం చేసింది మాత్రం నేను. మా కోడలికి తెలియదు. తిట్టాలంటే నన్ను తిట్టండి, మిషను మాత్రం దానికి పంపించండి."

అవతల తుమ్ము ఒకటి వినపడింది.

"పెద్దాయనా, ఇలాంటిది నాకెప్పుడూ రాలేదు. జనం బాగున్నదాన్ని పగిలిందంటారు. మీరు పగిలినదాన్ని బాగుచేసి పగిలిందంటున్నారు. నా చేతిలో లేదు గాని, మా మనిషిని పంపిస్తాను. ఆయనకి పగులు చూపించండి చాలు" అంది.

కంపెనీ మనిషి వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. వచ్చాడు, బక్కపలచటి మనిషి, చంకలో హెల్మెట్టు, మెడలో కార్డు. మర్యాదస్థుడు. చెప్పులు విప్పి షెడ్డులోకి రాబోతే మేకులుంటాయని మళ్ళీ వేయించారు. మిషను ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పగులు ఎక్కడండీ?"

"ఇక్కడే" అన్నాడు అతుకులాయన.

"ఎక్కడ?"

"మీ వేలి కిందే."

ఆయన టార్చి వేసి చూశాడు. గోటితో గీకి చూశాడు. "ఏమీ లేదే!"

"లేకుండా చేశాను గదండీ" అన్నాడు అతుకులాయన, దొంగలా దొరికిపోయిన గొంతుతో. అందులో ఎక్కడో చిటికెడు గర్వం కూడా వినపడింది. కోడలు గుర్రుగా చూసింది.

"పోనీ, పెట్టె చూపించండి. మూల దెబ్బ తిన్నదని రాశారుగా. అది చూసినా చాలు."

అందరూ మెల్లగా అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ స్టూలు మీద నుంచి మరీ మెల్లగా లేచింది. కంపెనీ మనిషి స్టూలును తిరగేసి చూశాడు. అడుగున 'జాగ్రత్తగా దించండి' అన్న అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

"మరి నలిగిన మూల?"

"గుచ్చుకుంటుందని కోసేశానండీ."

"ముక్క?"

"పొయ్యిలోకి పోయింది" అంది అత్తగారు.

కంపెనీ మనిషి నుదురు రుద్దుకున్నాడు. "ఈ ఇంట్లో ఏదైనా విరిగింది విరిగినట్టు ఉంచుతారా?"

"నా నడుము" అంది అత్తగారు.

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వి, మళ్ళీ సర్దుకుని, నిజంగానే బాధపడుతూ అన్నాడు. "ఏమనుకోకండి. కంటితో చూడనిది నేను రాయలేను. రాస్తే రేపు నా ఉద్యోగానికి ఎసరు. మీరు అబద్ధం చెబుతున్నారని కాదు. పగులు నాకు కనపడాలి, అంతే."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గును లోపలే అదిమిపెట్టడానికి ఆమె భుజాలు అదిరిపోవడం అతుకులాయన చూశాడు.

గోడకున్న గ్రైండరు తీశాడు.

ఇన్నేళ్ళలో ఆయన తన అతుకును తాను విప్పిన పాపాన పోలేదు. ఒకళ్ళు విప్పితే ఒప్పుకున్నవాడూ కాదు. "జరగండమ్మా, రవ్వలు పడతాయి" అన్నాడు. చక్రం పాదానికి తాకగానే ఆయన దవడ బిగిసింది. మొదట అతుకు పొడుగునా రంగు లేచింది, తర్వాత లప్పం. ఆ తర్వాత అతుకుకు అడ్డంగా, లోతుగా కోస్తూ పోయాడు, పైనుంచి అడుగు దాకా. ఆపాక గుడ్డతో తుడిచి, పక్కకు జరిగి, మొహం తిప్పుకున్నాడు.

బూడిద రంగు ఇనుములో పచ్చటి ఇత్తడి గీత. కుడి మూలన మొదలై బోల్టు రంధ్రం దాకా, పై నుంచి కింది దాకా. పగులు ఎంత మేర ఉండేదో, ఇత్తడి అంత మేరా పాకి నిలబడింది.

కంపెనీ మనిషి వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. "ఇంత లోపలిదాకా పగిలిందా!" అన్నాడు. ఫొటో మీద ఫొటో తీశాడు, అక్కడే నిలబడి పంపించాడు. కాసేపటికి ఆయన ఫోను మోగింది. జలుబు గొంతు అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఫిర్యాదు రాసుకున్నది నేనే సార్. సరుకు దిగిన రోజునే మేడమ్ చెప్పారు, కుడి మూల నుంచి బోల్టు రంధ్రం దాకా అని. ఫొటోలో గీత అక్కడే ఉంది. మరమ్మతు ఆ తర్వాతే జరిగింది, ఆ మాట పెద్దాయన అడగకముందే చెప్పారు. పైవాళ్ళు ఒప్పుకున్నారు. కొత్తది పంపిస్తున్నాం."

"హమ్మయ్య!" అన్నది ఎవరో చెప్పలేను. బహుశా అందరూ అన్నారు. అత్తగారు స్టూలు మీద ధబేలున కూలబడింది. కొడుకు వీధిలో ఆపి ఉన్న లారీ ఎక్కి హారను మోగించి వచ్చాడు. అతుకులాయన మాత్రం గ్రైండరు పట్టుకుని అలాగే నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, రవ్వ పడిందన్నాడు.

కొత్త మిషను నెలాఖరుకు ముందే వచ్చింది. పాతదాన్ని అదే వ్యానులో వెనక్కి పంపాలి. ఎక్కించేముందు అతుకులాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇలా కోతతో పంపడం బాగుండదు. ఆ గాడి ఒక్కటి మూసేస్తాను, ఎంతసేపు..." అన్నాడు.

"మామయ్యా!"

చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు. కొత్త పెట్టె విప్పుతున్నంతసేపూ ఆ చేతులు విప్పలేదు. కొడుకు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. పెట్టెకు ఒక మేకు వంగి ఉంది. అతుకులాయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు గాని ముట్టుకోలేదు. ఆ ఒక్క మేకుకే ఆయనకు చెమటలు పట్టాయి. మిషనుకు ఎక్కడా గీత కూడా పడలేదు. రెండు కొసల ముళ్ళూ ఒకదానికొకటి ముద్దు పెట్టుకున్నట్టు కలిశాయి.

షాపాయన నమూనా కాళ్ళను వేలితో తడిమి, పని ఇచ్చాడు. ఫ్యాక్టరీలో తన చోటు ఇంకొకళ్ళకు ఇచ్చేయమని మేస్త్రీకి కోడలే కబురు చేసింది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం. భోజనం చేసి అతుకులాయన పడకగదిలో నడుం వాల్చాడు. గోడ అవతల మిషను తిరుగుతోంది. కర్రకు ఉలి తగిలి పొరలు పొరలుగా పొట్టు లేస్తున్న చప్పుడు. ఆయన నిద్రపోలేదు. వింటున్నాడు. చెవికి అలవాటైపోయిన ఆ దగ్గు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూస్తున్నాడు. ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది. ఆయన దిండు మీద నుంచి తలెత్తాడు.

"మామయ్యా! ఉలి పిడి ఊడొచ్చింది. ఒకసారి వస్తారా?"

మంచం మీద నుంచి కుర్రాడిలా లేచాడు. "పడుకున్నాడని చెప్పనా?" అని భార్య ఆటపట్టిస్తున్నా వినిపించుకోకుండా షెడ్డులోకి వెళ్ళాడు. కోడలు ఒక చేతిలో ఉలి, ఒక చేతిలో పిడి పట్టుకుని నిలబడి ఉంది. రెంటినీ అందుకోబోయి, ఆయన చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ముందు ఫొటో తీశావా?" అని అడిగాడు, చాలా గంభీరంగా.

ఆమె ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వింది. పెదవులతో కాదు. తల వెనక్కి వాల్చి, నోరారా, గలగలా నవ్వింది. అతుకులాయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, ఆ నవ్వు వెనకాల రావలసినదాని కోసం. నవ్వు చివరిదాకా నవ్వుగానే సాగి ఆగిపోయింది. ఆ వెనక ఏమీ రాలేదు.

"ఏంటి మామయ్యా అలా చూస్తున్నారు?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం లేదమ్మా. పిడి ఇలా ఇవ్వు" అన్నాడు అతుకులాయన.